తుల్సీబాయి పలకరింపు

వాగొడ్డు తండా, భూపాలపల్లి
25 సెప్టెంబర్ 2011

హీరాలాల్ మామకు కళావతి రామ్ రామ్.

నీ చెల్లె, మా యాడి, బాగనే ఉన్నది. మోకాళ్లు తప్ప తక్కినవన్నీ పనిచేస్తున్నయని అన్నకు రాయుమన్నది. నీకు చెవులు వినబడకపోవుడు ఒకందుకు మంచిదే అయ్యింది. లేకుంటే ఈ కాలంల ఎవరు కూసుండి ఉత్తరం రాస్తరు?

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె మొదలైనంక ఇక్కడ అన్నీ బందు. నా అంగన్‌వాడీకి తాళం పడ్డది. గనులల్ల బొగ్గు లేస్తలేదు. బస్సులు డిపోల నుంచి కదలలేదు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేసుకొని తింటున్నం. నేను కూడ రెండుసార్లు పోయి ఉల్లిగడ్డలు కోసి వచ్చిన.

అసలు ముచ్చట వేరే ఉన్నది. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ అడవి నుంచి కొన్ని గుత్తికోయ కుటుంబాలు దాటి వచ్చి, మన వాగుకు ఎగువన చెట్ల కింద పడి ఉన్నయి. అక్కడ రెండు దిక్కుల తుపాకులున్నయట. నడుమ వీళ్ల గుడిసెలు కాలిపోయినయి. వాళ్లల్ల పెద్దమనిషి ఇడుమయ్య, కుంటి కాలుతోని అంత దూరం నడిచిండు. ఉంగి అని ఒక పిల్ల ఉన్నది, నిండు చూలాలు. అడవి నరుకుతరని అధికారులు వీళ్లను ఎల్లగొట్ట చూస్తున్నరు. మేం పోయి బతిమిలాడితే ఒక దారి చెప్పిండ్రు. ఊరోళ్లు కమిటీ కట్టి, పూచీ రాసిచ్చి, అడవి బయట జాగ చూపెడితే ఉండనిస్తరట. లేకుంటే మళ్ల గోదావరి దాటిస్తరట. దాటిస్తే ఏమైతదో నీకు చెప్పనక్కరలేదు.

అందుకని కమిటీ కట్టినం. జేఏసీ బిక్షపతి సారు కన్వీనరు, పూచీ మీద సంతకం ఆయనదే. సాంసన్ పాస్టరు చర్చి నుంచి బియ్యం, దుప్పట్లు ఇస్తనన్నడు. ఆడోళ్ల పొదుపు సంఘాలవి గిన్నెలు, చీరెలు. తండాది వాగొడ్డున పడావు పడ్డ భూమి. అవతలి కోయగూడెం ఎల్లక్క వాళ్ల మాట మనకు, మన మాట వాళ్లకు చెప్తది. మాకందరికీ నోరు ఆమె ఒక్కతే.

ఇంత మంచిగ కూడినోళ్లం, మొదటి మీటింగ్‌ల దేని మీద కొట్లాడినమో తెలుసా? స్వాగతం బ్యానర్ మీద. సేవాలాల్ మహారాజ్ బొమ్మ పైన ఉండాలెనని మన పిలగాండ్లు, బైబిల్ వాక్యం పైన ఉండాలెనని చర్చోళ్లు, జై తెలంగాణ పైన ఉండాలెనని జేఏసీ. ఆఖరుకు పాస్టరే నవ్వి, "వాళ్లకు తెలుగు చదువ రాదు గదనే" అన్నడు.

మామా, నువ్వు లోకం పుస్తకాలన్ని చదివినోనివి. అయినోళ్లు కానోళ్లకు స్వాగతం ఎట్ల చెప్పాలె? జర రాయి.

నీ మేనకోడలు
కళావతి


జనగామ
30 సెప్టెంబర్ 2011

బిడ్డా కళావతీ,

నీ ఉత్తరం చూసి చాన రోజులకు కడుపు నిండింది. ఇక్కడ లైబ్రరీకి తాళం వేసిండ్రు. సమ్మె న్యాయమైనదే, కానీ పేపరు లేని పొద్దు ముసలోనికి ఎట్ల గడుస్తదో ఏ జేఏసీ ఆలోచించదు. ఉన్న పుస్తకాలనే తిరగేస్తున్న. చెదలు నాకన్న ముందే చదివి పెట్టినయి.

కన్వీనరు బిక్షపతి అని రాసినవు. సంతోషం. ఆయన సంగతి నీకు తెల్వదు, చెప్త విను. లింగాల ఘనపూర్ బడిల మేమిద్దరం ఒకే స్టాఫ్ రూంల చాన ఏండ్లు కూసున్నం. ఒకనాడు మీ యాడి, నేను ఏడాది నుంచి తండాకు పోలేదని, నన్ను చూడటందుకు మరిపెడ దిక్కు నుంచి బడికే వచ్చింది. మన ఆడోళ్లు చాన రోజులకు అయినోళ్లను చూస్తే ఎట్ల పలకరిస్తరో నీకెరుకే. గేటు కాడనే నా మెడ పట్టుకొని, రాగం తీసి, మన తాత ముత్తాతల పేర్లన్నీ చెప్పుకుంట ఏడ్చింది. ఎడబాసిన రోజులన్ని ఆ ఏడుపుల కడిగి, అప్పుడు ముఖం తుడుచుకొని "తిన్నవా" అని అడుగుతది. అది మన స్వాగతం. పూలదండలకన్న పాతది.

మరునాడు బిక్షపతి స్టాఫ్ రూంల నెత్తిన తువ్వాల వేసుకొని, హెడ్మాస్టరు మెడ పట్టుకొని, తుల్సి ఏడ్చినట్టు ఏడ్చి చూపిండు. తనిఖీకి వచ్చిన కోస్తా ఇన్‌స్పెక్టరు కడుపు పట్టుకొని నవ్విండు. నేను హాజరు పట్టీల తల పెట్టుకొని కూసున్న. ఇయ్యాల అదే బిక్షపతి, సిన్మాల్ల మన భాషను ఎక్కిరిస్తున్నరని మైకు ముందట గొంతు చించుకుంటడు. భాషను ఎక్కిరిస్తే అవమానమట. ఏడుపును ఎక్కిరిస్తే వినోదమట. పోయినేడు జనగామ సభల నేను మాట్లాడుతుంటే చీటీ పంపిండు, "సార్, టైమైంది" అని. నాకు టైమైన మాట నిజమే గని, ఆ ముక్క ఆయన చెప్పాల్నా?

సరే. నువ్వడిగినదానికి వస్త. మనమెవరం? ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని ఫౌజుల వెనక దేశమంత తిరిగినోళ్లం. ఆగిన ప్రతి ఊరూ మనల్ని బయటోళ్లనే అన్నది. రైలు వచ్చి మన ఎడ్ల పని పోయినంక, ఆగినకాడ ఆగినం. ఇప్పటికీ కోయలు మనల్ని నిన్న మొన్న వచ్చినోళ్లంటరు. అనుడు తప్పేం కాదు. రాష్ట్రం కోసం కొట్లాడుతున్న మనం, ఏ రాష్ట్రమూ నాది అననోళ్లు ఇంటి ముందటికి వస్తే ఎట్ల చేస్తమన్నదే మన పరీక్ష.

కాబట్టి నా మాట విను. బ్యానర్ వద్దు, మైకు వద్దు, దండలు వద్దు, ఉపన్యాసం అసలే వద్దు. వాళ్లను అయినోళ్లనుకుంటే అయినోళ్లను పలకరించినట్టే పలకరించుండ్రి. తుల్సిని ముందట నడిపియ్యి. ఆడోళ్లంత అద్దాల లంగ పేటియ, నెత్తి మీది ఫూల్యా, గాజులు, పూర్తి సింగారంతోని పోయి, వచ్చిన ఆడోళ్ల మెడలు పట్టుకొని ఏడ్వుండ్రి. ఎల్లక్క ఉన్నా లేకున్నా ఒకటే. ఏడుపుకు దుబాసీ అక్కర లేదు. ఈ మాట నేను ఏ పుస్తకంల చదివింది కాదు, నా మెడ మీద తెలిసింది.

ఒకటే కోరిక. బిక్షపతిని ముందు వరుసల నిలబెట్టు. మంచిగ చూడనియ్యి.

మీ మామ
హీరాలాల్


వాగొడ్డు తండా
12 అక్టోబర్ 2011

మామా,

బస్సులు లేక టపా ఎప్పుడు చేరుతదో ఏమో. అయినా రాస్తున్న.

ఆదివారం స్వాగతం పెట్టినం. సాంసన్ పాస్టరు రెండు ట్రాలీ ఆటోలు మాట్లాడి, చెట్ల కింద ఉన్నోళ్లందరిని ఎక్కించి తీసుకొచ్చిండు. నువ్వు చెప్పినట్టే బ్యానర్ కట్టలేదు. దాని మీద కొట్లాడినోళ్లంత నా మీద అలిగిండ్రు. యాడి పెట్టె తెరిచి పాత పేటియ తీసి తొడుక్కున్నది. అద్దాలు కొన్ని రాలిపోయినయని రెండు రోజులు కూసుండి కుట్టింది. నువ్వు పెట్టిన పని అని తండాల అందరికీ చెప్పుకున్నది.

ఆటో దిగంగనే ఆడోళ్లం పోయి మెడలు పట్టుకున్నం. యాడి ఉంగిని పట్టుకున్నది. మామా, నేను పుట్టినంక యాడి అంత మంచిగ ఏడ్చుడు చూడలేదు. పాస్టరు గూడ కండ్లు తుడుచుకున్నడు. తర్వాత విస్తర్లు వేసి కూసోబెట్టి కోడికూర వడ్డించినం.

వాళ్లు ముట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. పొయ్యి కాడికి నీళ్లకు పోయి నేను తిరిగి వచ్చేవరకు ఒక్కరు లేరు. పిల్లలను సంకనేసుకొని వాగెంబడి ఎగువకు ఉరికి అడవిల పడ్డరు. ఉంగి గూడ పరుగెత్తిందంట. ఇడుమయ్య ఒక్కడే మిగిలిండు. విస్తరికి వీపు తిప్పి, తల వంచి కూసున్నడు. ఎంత పిలిచినా తిరగలేదు.

ఎందుకు పోయిండ్రో ఎవరికీ సమజైతలేదు. అప్పుడే మన పిలగాండ్లు మోటార్ సైకిళ్ల మీద జై తెలంగాణ అనుకుంట వచ్చిండ్రు. ఆ లొల్లికి బెదిరిండ్రని నేననుకుంటున్న. బిక్షపతి సారు రాలేదు. ఎల్లక్కను ఆయనే తీసుకొస్తనన్నడు, ఆమె కూడ రాలేదు.

యాడి అన్నం తింటలేదు. "అన్నకు ఏమని రాసినవు" అని అడుగుతున్నది. మంచిగ జరిగిందని రాసిన అని చెప్పిన.

కళావతి


జనగామ
17 అక్టోబర్ 2011

బిడ్డా,

నీ ఉత్తరం నిన్న చేరింది. రాత్రంత నాకు కంటి మీద కునుకు లేదు.

తుల్సికి నా మాటగ చెప్పు. ఆమె ఏడుపుల తప్పు లేదు. తప్పు ఎక్కడ ఉన్నదో నేను పట్టుకున్న. ముందు వరుసల నిలబడవలసిన మనిషి రాలేదు. దుబాసీని తెస్తనన్న మనిషి తేలేదు. తన కమిటీ పిలగాండ్లను మోటార్ సైకిళ్లెక్కించి ఇడిసిపెట్టిండు. ఎందుకు రాలేదు? లంబాడోళ్ల ఏడుపు చూసేటందుకు ఆయనకు నామోషీ. అప్పుడు నవ్విండు, ఇప్పుడు మొహం చాటేసిండు. మధ్యల జుట్టు తెల్లబడ్డదంతే.

నేను ఊకుండలేదు. బిక్షపతికి ఉత్తరం రాసిన. నీ ఎరుకల ఉండాలెనని అందులో కొంత ఇక్కడ దింపుతున్న:

"కన్వీనరు గారికి. మీరు మాట్లాడే ఆత్మగౌరవం మైకు వైరు పొడుగంతే ఉంటదని నాకు మొదటి నుంచి తెలుసు. నిలువ నీడ లేని మనుషులు మీ పేరు నమ్మి ఆటో దిగిన రోజు, మీరు ఏ రోడ్డు మీద పప్పు ఉడకబెడుతున్నరు? రేపు రాష్ట్రం వస్తది. అందుల మీకు కుర్చీ గూడ వస్తది. ఆ కుర్చీ కింద ఒక చూలాలు పరుగెత్తిన అడుగులుంటయి. మీరు కూసున్నప్పుడల్లా అవి తగులుతయి."

ఇది చేతితోని రాసి పోస్టుల వేసి ఊకుంటే ఆయన చింపి పారేస్తడు. అందుకని ఇయ్యాల రిటైర్డు టీచర్ల సంఘం మీటింగ్‌ల నిలబడి చదివిన. ఇద్దరు ముగ్గురు జిరాక్సు తీసుకుపోయిండ్రు. ఇన్నేండ్ల తర్వాత నేను రాసింది ఎవరన్న అడిగి తీసుకుపోయిండ్రంటే ఇదొక్కటే. అబద్ధమెందుకు, సంతోషమైంది.

వాళ్లు దొరికిండ్రా? ఉంగి ఎట్లున్నది? వెంటనే రాయి.

మీ మామ


వాగొడ్డు తండా
29 అక్టోబర్ 2011

మామా,

సమ్మె ఆగింది. బస్సులు నడుస్తున్నయి. ఎల్లక్క వచ్చింది. ఇగ నేను రాయక తప్పదు.

ఇడుమయ్య మా బడి అరుగు మీద పడుకుంటున్నడు. పాస్టరు పెట్టిన అన్నం తీసుకపోయి ఎవరూ లేని జాగల తింటడు. మొన్న ఎల్లక్క ఆయన ముందట కూసున్నది. చాన సేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన మెల్లగ చెప్పుకుంట పోయిండు, ఆమె మాకు తెలుగుల చెప్పింది. ఆమె చెప్పిందే రాస్తున్న.

వాళ్లల్ల ఆడోళ్లు మెడలు పట్టుకొని రాగం తీసి ఏడ్చేది ఒకటే సందర్భంల అట, పీనుగ కాడ. "మమ్మల్ని బండ్లెక్కించిండ్రు. మా ఊర్ల మగోళ్లను గూడ గట్లనే బండ్లెక్కించిండ్రు, ఒక్కరు తిరిగి రాలేదు. దిగంగనే ఆడోళ్లు వచ్చి మా మీద ఏడ్చిండ్రు. వాళ్లు మంచోళ్లు, మాకు అయ్యేదేందో తెలిసి ముందే ఏడుస్తున్నరనుకున్నం. తర్వాత కోడికూర పెట్టిండ్రు. ఆఖరి కూడు అనుకున్నం. అంతల మోటార్ సైకిళ్లు వచ్చినయి. కాళ్లున్నోళ్లు ఉరికిండ్రు. నాకు కాళ్లు లేవు. వీపు ఇటు పెట్టి కూసున్న, ముఖం మీద కొట్టొద్దని."

ఎల్లక్క ఇది చెప్తుంటే పాస్టరు లేచి బయటికి పోయిండు. ఆటోలు మాట్లాడింది నేనే గదా అని ఏడ్చిండు. యాడి అక్కడ లేకుండె. ఆమెకు నేను చెప్పలేదు.

ఇప్పుడు నా ముచ్చట. బిక్షపతి సారు స్వాగతానికి నాలుగు రోజుల ముందు మనిషిని పంపిండు. "బస్సులు లేవు, ఎల్లక్క గూడెం నుంచి రాలేదు, వాగు నిండుగున్నది. వాళ్ల మాట తెలిసిన మనిషి లేకుంట పెట్టకుండ్రి, జర ఆగుండ్రి" అని. నేను ఆగలేదు. నీ ఉత్తరం నా దగ్గర ఉండె. ఏడుపుకు దుబాసీ అక్కర లేదని నువ్వు రాస్తివి. యాడి పేటియ కుట్టుకుంటున్నది. కోళ్లు తెచ్చి పెట్టిన. నాకు గూడ ఒక్కసారి, జేఏసీ లేకుంట మా తండానే చేసి చూపెట్టిందని అనిపించుకోవాలెనని ఉండె. ఆదివారం ఆయన ఎల్లక్క కోసం బండి వేసుకొని పోయి, వాగు దాటరాక గూడెం దారిలనే ఆగిపోయిండు. పన్నెండో తారీఖు రాసిన ఉత్తరంల ఇవన్నీ నేను మింగిన. నువ్వు ఆయన మీద అంత పని చేస్తవనుకోలేదు.

ఆయనకు రాసిన ఉత్తరం జిరాక్సు, నువ్వు నాకు రాసినదానికన్న ముందే జనగామ నుంచి భూపాలపల్లికి వచ్చింది. చాయ్ హోటల్ల చదువుకున్నరు. బిక్షపతి సారు కన్వీనరుగ ఉండనని కాయిదం రాసిచ్చి పోయిండు. జేఏసీ పోయినంక పొదుపు సంఘాలు తప్పుకున్నయి. పూచీ మీద సంతకం చేసేటోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

తిట్టాలెనంటే నన్ను తిట్టు.

కళావతి


జనగామ
4 నవంబర్ 2011

బిడ్డా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుడే సరిపోయింది. మొదటిదాంట్ల నిన్ను తిట్టిన. రెండోదాంట్ల, లోకంల ఏ ఏ జాతులు ఏడ్చి పలకరిస్తయో ఎక్కిస్త పోయిన. నాలుగు పేజీలు నిండినయి. అందుల ఒక్క అక్షరం తప్పు లేదు. చదువుకుంటే నాకే సిగ్గైంది.

నువ్వు ఆగకపోయింది నా మాట మీదనే. కాబట్టి నీది సగం అని నువ్వనుకోకు. నేను తుల్సి ఏడుపును ఆ మనుషుల కోసం పంపలేదు. బిక్షపతి కండ్ల ముందట పెట్టేటందుకు పంపిన. అంత దూరం నడిచి వచ్చినోళ్లు నాకు యాదికి రాలేదు. స్టాఫ్ రూం ఒక్కటే యాదికున్నది. నాలుగు దిక్కుల చరిత్రలు చదివిన, గుడిసె కాలిన మనిషి చెవికి ఏడుపు ఎట్ల వినబడుతదో ఒక్కసారి ఆలోచించలేదు. నాకు చెవులు పోయినయని అందరికీ చెప్పుకుంటనే ఉన్న.

టీచర్ల సంఘం కాడికి పోయిన, అది నా తప్పు అని చెప్దామని. కుర్చీల మూడొంతులు ఖాళీ. నేను చెప్పినంక ప్రెసిడెంటు, "ఉండనియ్యి సార్, ఉత్తరం మాత్రం మస్తు రాసిండ్రు" అన్నడు. ఈసారి జిరాక్సు ఎవరూ అడగలేదు.

తుల్సికి ఏం చెప్పకు. ఆమెకు తెలిస్తే నేను ముఖం చూపెట్టలేను. వాళ్లను వెతుకుండ్రి. ఖర్చుకేమన్న పంపాల్నా?

హీరాలాల్


వాగొడ్డు తండా
20 నవంబర్ 2011

మామా,

పైసలు వద్దు. మనిషి కావాలె.

వాళ్లు దొరికిండ్రు. ఎల్లక్క, ఇడుమయ్య కలిసి అడవిల తిరిగి తెలుసుకున్నరు. ఎల్లక్క గూడెం అవతల, వాగు మలుపు కాడ ఆకుల గుడిసెలు వేసుకున్నరు. తండాకు రామన్నరు. ఎల్లక్క గూడెపోళ్లు తమ పక్కన జాగ ఇస్తమన్నరు. మళ్ల కూడినం. పాస్టరు వచ్చిండు, పొదుపు సంఘాలోళ్లు వచ్చిండ్రు. కానీ పూచీ కాయిదం మీద సంతకం కన్వీనరుదే ఉండాలెనని అధికారులంటున్నరు. నెలాఖరు దాక గడువు. తర్వాత వాళ్లను గోదావరి దాటించేటందుకు లారీలు వస్తయి.

నేను బిక్షపతి సారు ఇంటికి పోయిన. కూసోబెట్టి చాయ్ పోసిండు. "నేను సంతకం పెడితే, కుర్చీ కోసం పెట్టిండంటరు బిడ్డా. ఆ మాట మీ మామ లోకమంత చదివి వినిపిచ్చిండు. ఆయన వచ్చి ఎనక్కి తీసుకుంటే చూద్దాం" అన్నడు. కోపంతోని అనలేదు. అదే నాకు కష్టమైంది.

ఇంకొకటి రాయాలె. ఉంగి ఆ రోజు పరుగెత్తి వాగు రాళ్ల మీద పడ్డదట. అడవిలనే కాన్పయ్యింది. ఆడపిల్ల పుట్టింది. రెండు రోజులే బతికింది. పరుగెత్తుడుతోనే అయ్యిందా, దవాఖాన లేక అయ్యిందా, ఎల్లక్కకు గూడ తెల్వదు. నాకు మాత్రం తెలిసినట్టే ఉన్నది.

యాడికి ఇది తెల్వదు. కానీ తన ఏడుపుతోనే వాళ్లు పోయిండ్రని మటుకు ఎట్లనో పసిగట్టింది. మొన్న మరిపెడ నుంచి మన చుట్టాలు పెండ్లి పిలుపుకు వచ్చిండ్రు. ఆడోళ్లంత మెడలు పట్టుకున్నరు. యాడి కొంగు నోట్లె కుక్కుకొని గోడకు ఆనుకొని నిలబడ్డది. "తుల్సీబాయికి మామీద ఏం కోపం" అని వాళ్లు అలిగి పోయిండ్రు.

రా మామా.

కళావతి


జనగామ
5 డిసెంబర్ 2011

బిడ్డా కళావతీ,

నువ్వు నా మీద కోపంల ఉంటవు. భూపాలపల్లి దాక వచ్చి తండాకు రాకుంట మర్లిపోయిన. తుల్సి నన్ను చూసి ఏడిస్తే ఎట్ల, ఏడ్వకుంటే ఎట్ల అన్న భయంతోని రాలేదు. అందుకే జరిగిందంతా కాయిదం మీద పెడుతున్న.

బస్సు దిగి తిన్నగ బిక్షపతి ఇంటికే పోయిన. తలుపు ఆయనే తీసిండు. ఎన్నేండ్లైనా మనిషి పెద్దగ మారలేదు, పండ్లే పోయినయి. నా చెవి కాడ గట్టిగ, "రాండ్రి సార్, మీ ఉత్తరం ల్యామినేషన్ చేయించి పెట్టుకున్న, చూస్తరా" అన్నడు. నేను నిలబడే, రాసింది తప్పు, చదివింది అంతకన్న తప్పు, రెండూ ఎనక్కి తీసుకుంటున్న అన్న. కమిటీ ముందట గూడ చెప్త అన్న. అని ఊకుంటే బాగుండు. స్టాఫ్ రూం ముచ్చట గూడ తీసిన. తువ్వాల, ఏడుపు, ఇన్‌స్పెక్టరు, అన్నీ చెప్పిన. ఆయన నెత్తి గోక్కున్నడు.

"నేనా సార్? నాకు యాదిలేదు."

ఆయన ముఖం చూసిన. అబద్ధమాడుతలేడు. అప్పట్ల అందరి నడకా, అందరి మాటా చేసి చూపుతుండె, అందుల మా తుల్సిది ఒకటి. ఇన్నేండ్లు నేను ఒక్కన్నే మోసిన. "చేసే ఉంట సార్. చేసి ఉంటే తప్పే" అన్నడు. అంత తేలికగ అన్నడు. నాకు కోపం రావాలె, రాలేదు.

సాయంత్రం పాస్టరు ఇంట్ల కమిటీ కూసున్నది, నీకు కబురు పెట్టొద్దని నేనే అన్న. అందరి ముందట చెప్పిన. బిక్షపతి పూచీ మీద సంతకం పెట్టిండు. పాస్టరు, పొదుపు సంఘపోళ్లు, ఎల్లక్క గూడెం పెద్ద సాక్షి సంతకాలు పెట్టిండ్రు. మరునాడు, గడువు లోపలనే, అధికారులు తీసుకున్నరు. లారీలు రావు. ఆ కుటుంబాలు గూడెం పక్కన ఉంటయి. దీనికి నన్ను మెచ్చుకోకు. నేను చెడగొట్టింది నేను బాగు చేయలేదు, వాళ్లే చేసుకున్నరు.

ఆ తర్వాత బిక్షపతి నన్ను బండి మీద ఎక్కించుకొని వాగు మలుపు కాడికి తోల్కపోయిండు. ఎల్లక్క ముందే ఉన్నది. అక్కడ ఎవరూ ఎదురు రాలేదు. ఒక పిల్ల సొరకాయ బుర్రల నీళ్లు తెచ్చి పెట్టి పోయింది. మేం కూసున్నం. వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నరు. చాన సేపైనంక ఇడుమయ్య వచ్చి పక్కన కూసున్నడు. అది వాళ్ల పలకరింపట. వచ్చిన మనిషిని కొంచెంసేపు ఊరికె ఉండనిస్తరు.

ఉంగి గుడిసె ముందట కూసుండి విస్తర్లు కుట్టే అడ్డాకు కట్టలు సర్దుతున్నది. ఎంత చిన్న పిల్ల బిడ్డా. నువ్వు రాయలేదు అంత చిన్నదని. నేను ఎల్లక్కతోని అన్న, "ఆ ఏడుపు నేను చేయించిందని ఆమెకు చెప్పు. తండా ఆడోళ్లది తప్పు లేదు, అంతా జనగామల కూసున్న ఈ ముసలోడు చేసిందని చెప్పు."

ఎల్లక్క చెప్పలేదు. నా దిక్కే చూసింది. "చెప్తే నీ బరువు దిగుతది సారూ. ఆమెకేమొస్తది?" అన్నది. బిక్షపతికి వినబడ్డదో లేదో గని నాకు మాత్రం చెవిటి చెవుల సుత ఒక్క అక్షరం పోకుంట వినబడ్డది. నేను తెచ్చుకున్న మాట నోట్లెనే పెట్టుకొని కూసున్న. ఇప్పుడు గూడ అక్కడనే ఉన్నది.

కొంతసేపటికి ఉంగే ఎల్లక్కను ఏదో అడిగింది. ఎల్లక్క వెంటనే తెలుగు చేయలేదు. నేను మళ్ల మళ్ల అడిగితే నా చెవి కాడ చెప్పింది.

"ఆ రోజు నా మెడ పట్టుకున్న ముసలమ్మ ఎట్లున్నదని అడుగుతున్నది. అప్పుడు భయంల సమజు కాలేదట. ఇప్పుడు అనుకుంటే, ఆమె ఏడ్చింది నా కోసం కాదేమో, ఆమె బిడ్డ ఎవరన్న పోయి ఉంటరు, అందుకే అట్ల పట్టుకున్నది అంటున్నది. పెద్ద ముసలి, అంత దుఃఖం ఒక్కతే ఎట్ల మోస్తున్నదో అంటున్నది. ఆకు అమ్మేటందుకు ఈ వారం కాదు, వచ్చే వారం శుక్రవారం అంగడికి వస్తదట. వచ్చినప్పుడు తండాకు వచ్చి ఆమె పక్కన జరసేపు కూసుంటదట."

ఎల్లక్క వాళ్ల మాటల ఏదో చెప్పింది. ఏం చెప్పినవని అడగలేదు. ఉంగి తల ఊపి మళ్ల ఆకులు సర్దుకున్నది.

ఈ ఉత్తరం నీకు అందేవరకు బుధవారమో గురువారమో అయితది. శుక్రవారం ఆ పిల్ల మీ వాకిట్లకు వస్తది. తన బిడ్డ ముచ్చట తుల్సికి తెల్వదని ఆమెకు తెల్వదు. ఆమె వస్తదని తుల్సికి తెల్వదు. ముందే చెప్పాల్నా వద్దా, తుల్సి ఆమెను ముట్టుకోవాల్నా దూరంగ కూసోవాల్నా, ఏడ్వాల్నా నోరు మూసుకోవాల్నా అని నువ్వు నన్ను అడుగుతవు. రెండు నెలల కింద అయితే మూడు పేజీలు రాస్తుంటి.

నేను చెప్పను బిడ్డా. నన్ను అడగకు. ఇంట్ల తుల్సి ఉన్నది. ఆమెను అడుగు.

హీరాలాల్